బండి సిస్టరమ్మ

మొన్న వెంకటాచలం దగ్గర హైవే మీద బండి పంక్చరైంది. షాపు దాకా తోసుకుంటూ పోయాను. ట్యూబుకి అతుకేసి టైరు బిగించిన మెకానిక్కు, ఒకసారి నడిపి చూద్దామని ఎక్కి క్లచ్ పట్టుకున్నవాడు అట్లాగే ఆగిపోయాడు. వదిలి మళ్ళీ పట్టుకున్నాడు.

“ఏంది మేడం ఈ క్లచ్? ఒక్క వేలికే వచ్చేస్తా ఉంది. ఎవురు చేసినారు ఇట్టా?”

“మా అక్క.”

“మెకానిక్కా ఆమె?”

“కాదు. నర్సు.”

అతను నవ్వాడు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నట్టున్నాడు. నేనూ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. డబ్బులిచ్చి, హెల్మెట్ అద్దం దించుకుని, నెల్లూరు దాటేదాకా దాన్ని ఎత్తలేదు.

అక్క పోయి ఏడు నెలలైంది. నాకు తోబుట్టువు కాదు. బిట్రగుంటలో నేను అద్దెకున్న ఇంటామె. సముద్రం ఒడ్డున ఉండే జాలర్ల ఊళ్ళలో, ఆ పాలేల్లో, పిల్లలకి టీకాలు వేసే నర్సు. ఆ పాలేల్లో ఒకదాంట్లోనే నాకు టీచరుగా పోస్టింగు వచ్చింది. ఇల్లు చూసుకోడానికి పోయిన రోజు నాకు మొదట కనబడింది ఆమె ముఖం కాదు. వసారాలో ఇటికెల మీద ఎత్తి పెట్టిన మోటారు సైకిలు, దాని అవతల పక్కన బాసింపట్టు వేసుకున్న రెండు పాదాలు.

“ఇల్లు అద్దెకిస్తారని చెప్పినారు,” అన్నాను.

“ఆ పదమూడో నంబరు స్పానరు అందుకో మే,” అని బండి వెనకాల నుంచి గొంతు.

నేల మీద పరిచిన గోనెపట్టా మీద ఇరవై దాకా స్పానర్లున్నాయి. ఒకటి తీసి ఇచ్చాను.

“ఇది పన్నెండు,” అంది. తనే ఇంకోటి అందుకుంది, కాసేపు ఏదో బిగించిన చప్పుడు. తర్వాత తల పైకెత్తి నన్ను చూసింది. “పర్లేదులే. ఆదివారానికి సామాను తెచ్చుకో.”

నిలబడితే నా చెవి దాకా కూడా రాదు. నాలుగడుగుల పది అంగుళాలు ఉంటుందేమో. నలభై ఎనిమిదేళ్ళు. పక్కనున్న బండి మాత్రం రోడ్డు మీదా, రోడ్డు లేని చోటా రెంటికీ పనికొచ్చే రకం, ఎత్తుగా, బక్కగా, పొడుగు కాళ్ళతో ఉండేది. నెల్లూరులో ఒక కాలేజీ అబ్బాయి మోజుపడి కొనుక్కుని, మోజు తీరాక అమ్మేసిన బండి. అక్క దాన్ని తెచ్చుకున్న రోజు ఎక్కి కూర్చుంటే రెండు కాళ్ళూ గాల్లోనే ఉన్నాయంట. వీధిలో వాళ్ళంతా బయటికొచ్చి చూశారంట. “నవ్వుకోనీలే, నాలుగు వారాలు టైమిచ్చినా వాళ్ళకి,” అని చెప్పేది నాతో.

ఆ నాలుగు వారాల్లో ఆమె బండిని తన కొలతకి దించుకుంది. ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలనీ బిగింపుల్లో కొంచెం పైకి జరిపింది. వెనక స్ప్రింగు బిగింపు సడలించింది. చెల్లెలు టైలరు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ చెల్లెలు సీటులోని స్పాంజీని కూరగాయల కత్తితో చెక్కి, పైతొడుగు కొత్తగా కుట్టి ఇచ్చింది. తీరా అంతా అయ్యాక పక్క స్టాండు పొడుగైపోయి బండి నిటారుగా నిలబడి అవతలికి పడబోయింది. దాన్ని కూడా రెండువేళ్ళ మందం కోయించి వెల్డింగు పెట్టించింది. ఇంజను పక్కనుండే చిన్న పళ్ళచక్రాన్ని ఒక పన్ను తక్కువున్నదానితో మార్చింది. రోడ్డు మీద వేగం తగ్గినా ఇసకలో గట్టిగా లాగుతుందని. ఇన్ని చేసినా కాలి మునివేళ్ళే నేలకి ఆనేవి. “చాలు. నేను నిలబడేదానికా కొనుక్కునింది?” అనేది.

పని వాళ్ళ నాన్న నేర్పాడు. ఆయన బిట్రగుంటలో రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్డులో ఫిట్టరు. ఆ స్పానర్లు ఆయనవే. కొడుకులు లేరు కాబట్టి కూతుళ్ళకి నేర్పాడా అంటే, అట్లా కాదని అక్క కోప్పడింది ఒకసారి. “ఇద్దరు మొగపిల్లోళ్ళున్నా నాకే నేర్పుండేవాడు. మా చెల్లెలికి స్పానరిస్తే ఏడ్చేది.”

నర్సుకి ఆ బండి ఎందుకో నాకు ఆమె చెప్పలేదు. నా బడి ఉన్న పాలెంలో ఒక అవ్వ చెప్పింది. అంతకుముందు అక్కకి మామూలు స్కూటరు ఉండేది. తారు రోడ్డు సరుగుడు తోపు దగ్గర అయిపోతుంది. అక్కడినుంచి పాలెం దాకా ఇసకే. ఒకసారి వానలప్పుడు ఆ అవ్వ కోడలికి నెల ముందే నొప్పులొచ్చాయి. ఫోను చేస్తే అక్క బయల్దేరింది. స్కూటరు ఇసకలో కూరుకుపోయింది. దాన్ని అక్కడే పారేసి, సంచి నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది. వచ్చేసరికి బిడ్డ పుట్టి పోయింది. కోడలు బతికింది.

“ఆ బిడ్డని ఒళ్ళో పెట్టుకోని కూర్చునింది సిస్టరమ్మ,” అంది అవ్వ. “మేం ఏడస్తా ఉంటే ఆమె ఏడవలా. మోకాళ్ళ దాకా ఇసక. రెండు నెలలు తిరక్కుండా ఆ పొడుగు బండేసుకోని వచ్చింది.”

అప్పటినుంచి ఆ పాలేల్లో ఆమె పేరు బండి సిస్టరమ్మ.

నేను రోజూ ఆమె వెనక కూర్చునే బడికి పోయేదాన్ని. తోపు దగ్గర బండి ఆపేది. రెండు టైర్లలోనూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ గాలి తీసేసేది. “ఇసకలో టైరు చపాతీ మాదిరిగా పడుకోవాల, అప్పుడే మునగదు.” సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అదే చోట కాలిపంపుతో మళ్ళీ గాలి కొట్టాలి. ముందు చక్రం నాది, వెనక చక్రం ఆమెది. నాకు ఆయాసం వస్తే పంపు లాక్కునేది.

ఇంటికి రాగానే చెప్పులు విడవకముందే బండి మీద రెండు బకెట్ల మంచినీళ్ళు. ఉప్పుగాలి ఇనుముని ఎట్లా తినేస్తుందో ఆ ఒడ్డున ఉన్నవాళ్ళకి తెలుసు. చువ్వల మొదళ్ళు, చైను, సైలెన్సరు అంచు, అన్నీ వేలితో తడిమి కడిగేది. కడిగే ముందు పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి ఒక క్షణం ఉంచేది. జ్వరం చూసినట్టు. ఎందుకక్కా అంటే తెల్లబోయింది. అట్లా పెడుతున్నట్టు ఆమెకే తెలియదు.

అసలు పని ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. నల్ల చుక్కల పాత చుడీదారు ఒకటుండేది, ఆ పనికే. కిరసనాయిలు గిన్నె, పాత పళ్ళబ్రష్షు పెట్టుకుని చైను లింకు లింకూ తోమేది. గాలి వడపోసే స్పాంజీని సబ్బునీళ్ళలో పిండి, నీడన ఆరబెట్టి, నూనె పట్టించేది. ఇంజను నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది వాసన చూసేది. చివర్న చక్రాల చువ్వల్ని ఒక్కొక్కటీ చిన్న స్పానరుతో తట్టేది. బిగువుగా ఉన్న చువ్వ టింగుమంటుంది. వదులైనది మొద్దుగా పలుకుతుంది. చర్చి పాటల గుంపులో ముప్పై ఏళ్ళు పాడిన మనిషి. ఆ చక్రాన్ని తిప్పుతూ తట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. చెల్లెలు కుట్టుమిషను కూడా ఆపాల్సిందే.

నేను చేరిన మరుసటి సంవత్సరం వేసవి అయిపోయేటప్పుడు క్లచ్ బరువుగా ఉందని మొదలుపెట్టింది.

వైరుకి నూనె పోసింది. వారం తర్వాత కొత్త వైరు వేసింది. ఆ పై వారం ఆ వైరుని ఇంకో దారిలో, వంపు తక్కువ వచ్చేట్టు తిప్పి కట్టింది. పిడి మార్చింది. చివరికి ఒక ఆదివారం ఇంజను పక్కమూత విప్పి, లోపలి బిళ్ళలన్నీ తీసి, తెల్లగుడ్డ మీద వరసగా పెట్టుకుని ఒక్కొక్కటీ వెలుగుకి పట్టుకుని చూసింది. అన్నీ మళ్ళీ పేర్చి బిగించేసరికి మధ్యాహ్నం రెండైంది. అన్నం చల్లారిపోయింది. బండి ఎక్కి క్లచ్ పట్టుకుని చూసింది. దిగింది.

“నువ్వు పట్టు,” అంది నాతో.

పట్టుకున్నాను.

“బరువుగా ఉందా?”

“లేదక్కా. తేలిగ్గానే ఉందే.”

“మళ్ళా పట్టు. నిదానంగా.”

మళ్ళీ పట్టుకున్నాను. “తేలిగ్గా ఉంది.”

ఆమె చెల్లెల్ని పిలిచింది. ఆమె కూడా పట్టుకుని, బాగానే ఉంది కదా అంది. అక్క చేతులు తుడుచుకుని మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు తన ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనుండే కండ చూపించింది. అక్కడ కండ లేదు. వేలు పెట్టి నొక్కినట్టు గుంట పడి ఉంది.

“బండిలో తప్పేం లేదు మే,” అంది.

నాకు అర్థం కాలేదు. ఏదో నీరసం, టానిక్కు తాగితే పోతుందిలే అన్నాను. ఆమె నా ముఖం వంక చూసి, “నేను నర్సుని,” అంది. లేచి స్పానర్లు తుడిచి పెట్టెలో సర్దింది. ఎప్పుడూ సర్దే వరసలోనే.

నెల్లూరులో ఒక డాక్టరు చూశాడు. మద్రాసులో ఇంకొకాయన చూశాడు. నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతూ, కండల్ని వదిలేస్తూ పోయే జబ్బు. మందు లేదు. చేతులు, కాళ్ళు, మాట, మింగడం, ఆఖర్న ఊపిరి. తెలివి మాత్రం చివరిదాకా ఉంటుందని చెప్పారంట.

ఇక్కడ నేను చేసిన పని రాయాలి. ఆ సంగతి తెలిసిన రోజునుంచీ నేను ఆమెకి కనబడకుండా తిరిగాను. పరీక్షలన్నాను, పేపర్లన్నాను. షేరు ఆటోలో తోపు దాకా పోయి అక్కడినుంచి నడిచేదాన్ని. ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియక. నా వాటాకీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకే గోడ, అవతల ఆమె దగ్గితే నాకు వినబడేది, నేను రేడియో పెట్టుకునేదాన్ని.

రెండు వారాల తర్వాత చెల్లెలు పెరటి గోడ మీదినుంచి పిలిచింది. “అక్క చెప్పమనింది. చైను ఎండిపోతా ఉందంట.”

పోయాను. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన కిరసనాయిలు గిన్నె, బ్రష్షు సిద్ధంగా పెట్టించుకుంది. నా వైపు చూడలేదు.

“నూనె పెట్టి పదైదు రోజులైంది,” అంది.

“తప్పైపోయిందక్కా,” అన్నాను. ఏడుపొచ్చేసింది.

“ఏడిస్తే చైను తడవదు. కూర్చో.”

నాకు చైను తోమడం ఆరోజు నేర్పింది. నోటితోనే. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె చెప్పడం, నేను చెయ్యడం. క్లచ్ వైరు ఇంజను దగ్గర పట్టుకుని లాగే చిన్న ఇనప చెయ్యి ఉంటుంది. దాన్ని పొడుగు చేస్తే లాగడానికి బలం తక్కువ పడుతుందని, వెల్డింగు షాపులో ముక్క అతికించుకు రమ్మంది. మూడుసార్లు తిప్పించింది నన్ను. మూడోసారికి ఒక్కవేలికి వచ్చింది. ఆ ఒక్కవేలితో ఆమె ఇంకో నాలుగు నెలలు పాలేలకి తిరిగింది.

ఒక బుధవారం, టీకాల రోజు, తోపు దాటగానే పడిపోయింది. నేనూ వెనకే పడ్డాను. ఇసక కాబట్టి దెబ్బలు లేవు. ఆమె పాకుతూ పోయి ముందు టీకాల పెట్టె తెరిచి చూసింది. మంచుబిళ్ళలు చెదరలేదు. అప్పుడు నా వైపు తిరిగి, “రేపట్నించి నువ్వు నేర్చుకో,” అంది.

నాకప్పుడు నలభై ఒకటి. సైకిలు తప్ప ఏదీ తొక్కలేదు. రొయ్యలు పట్టేసి ఎండగట్టిన ఒక చెరువులోకి బండి దింపించి, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను ఎన్నిసార్లు పడ్డానో. పడినప్పుడల్లా గట్టు మీదినుంచి కేక.

“నిన్ను చూసుకోబాక! పెట్రోలు కారతా ఉందేమో చూడు!”

బండి ఆమె ఎత్తుకి దించింది కాబట్టి నా మోకాళ్ళు పైకి పొడుచుకొచ్చేవి. “పైకి లేపుకో మే, నేను చెప్తా,” అంది రెండుమూడుసార్లు. తర్వాత చేద్దాంలే అక్కా అన్నాను. ఇప్పటికీ చెయ్యలేదు.

ఆ తర్వాత ఏడెనిమిది నెలలు నేను నడిపాను, ఆమె వెనక కూర్చుంది, టీకాల పెట్టె ఇద్దరి మధ్య. సూది పట్టుకునే శక్తి పోయాక సెలవు పెట్టేసింది. ఆమె చోట ఒక చిన్నమ్మాయి వచ్చింది. అయినా బుధవారం బయల్దేరేది. ఆ అమ్మాయికి ఇళ్ళు చూపించాలని. చెల్లెలు చున్నీతో ఆమెను నా నడుముకి కట్టేది. పాలెంలో బండి దిగకుండానే, అప్పటికే ముద్దగా మారిన మాటతో చెప్పేది. ఆ నీలం తలుపు ఇంట్లో పిల్లకి రక్తం తక్కువ. ఆ చివరింటామె పిలిస్తే రాదు, మనమే పోవాల. నేను మళ్ళీ విడమరిచి చెప్పేదాన్ని, ఆ అమ్మాయి రాసుకునేది. అవ్వ వచ్చి బండి పక్కన నిలబడి అక్క పాదం పట్టుకుని ఉండేది, మేం కదిలేదాకా.

చలికాలం వచ్చేసరికి అదీ ఆగిపోయింది. మంచం వసారాలోకి మార్చారు. మాట నాకూ చెల్లెలికీ తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒక్కో మాటకీ ఆయాసం. అందుకని ఆదివారాలు నేను చువ్వల్ని తడుతుంటే కళ్ళు మూసుకుని వినేది. బాగున్నంతసేపు కదిలేది కాదు. వదులు చువ్వ పలికితే కాలి బొటనవేలు కదిపేది. నాకు రెండూ ఒకేలాగా వినబడేవి. ఆమె వేలు కదిలిన చోట బిగిస్తే ప్రతిసారీ అర చుట్టు తిరిగేది.

ఒకరోజు బండి నా పేరు మీదికి మార్చాలంది. వద్దక్కా, ఇప్పుడెందుకు అన్నాను. చెల్లెలు నాకు సైగ చేసింది, ఒప్పుకోమని. ఫారాలు తెచ్చాను. నాలుగు చోట్ల సంతకం కావాలి. వేళ్ళ మధ్య పెన్ను నిలబెట్టి చూశాం. నిలవలేదు. రబ్బరుబ్యాండు చుట్టి చూశాం. గీత కూడా పడలేదు. చివరికి చెల్లెలు ఆమె బొటనవేలిని ఊదారంగు ఇంకు ప్యాడు మీద ఒత్తి, నాలుగు చోట్లా ముద్ర వేయించింది. అక్క ఒకటో ముద్ర చూసింది. మిగతా మూడిటికీ మొహం గోడవైపు తిప్పుకుంది.

నెల్లూరులో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నా వంతు రావడానికి మధ్యాహ్నమైంది. కౌంటరులో ఉన్నాయన పెద్దమనిషి. కాయితాలు తిరగేస్తూ మామూలుగా అడిగాడు.

“వేలిముద్ర వేసిందే, ఆమెకి చదువు రాదా అమ్మా?”

ఇరవై నాలుగేళ్ళు ఆమె రాసిన రిజిస్టర్లు నాకు తెలుసు. పుట్టిన ప్రతి బిడ్డ పేరు, బరువు, వేసిన ప్రతి టీకా. కొట్టివేత లేని గుండ్రటి అక్షరాలు. కొత్తగా చేరిన అమ్మాయిలకి డాక్టరమ్మ ఆ పుస్తకాలే చూపించేది, ఇట్లా రాయాలని.

“వచ్చు సార్,” అన్నాను. “చాలా బాగా రాస్తుంది.”

“మరి?”

“చేతులు పడిపోయినాయి.”

ఆయన తలెత్తి నన్ను చూశాడు. ముద్రలు కొట్టి, కాయితాలు రెండు చేతులతో అందించాడు.

ఇంటికి వచ్చేసరికి ఎండ వసారా దిగిపోతోంది. అక్క మెలకువగానే ఉంది. మంచం అంచున కూర్చున్నాను.

“అయిందా?” అంది. ఆ ఒక్క మాటకి ఎంతసేపో.

“అయిందక్కా.”

“ఏమన్నా... అడిగినాడా?”

“ఏం అడగలేదు.”

నన్నే చూసింది. అబద్ధమని తెలిసిపోయింది ఆమెకి. కళ్ళు కిందికి దించి, దుప్పటి మీదున్న తన బొటనవేలిని చూసుకుంది. ఆ ఊదారంగు ఇంకు అట్లాగే ఉంది.

“కడుగు,” అంది.

గోరువెచ్చని నీళ్ళు తెచ్చాను. ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని సబ్బు రాసి రుద్దాను. ఎముకలు తప్ప ఏమీ లేని చెయ్యి. గట్టిగా రుద్దడానికి నాకు భయం వేసింది. వేలి మీద మరక పోయింది. గోటి చుట్టూ పోలేదు. మెత్తటి గుడ్డ తడిపి అద్దాను, నిమ్మచెక్కతో రుద్దాను.

“ఇంక రాలేదక్కా. నాలుగు రోజులకి అదే పోతుందిలే.”

నాలుగో రోజు తెల్లవారుజామున ఆమె పోయింది. చర్చిలో పెట్టె మూత వేసే ముందు పాలేల నుంచి వచ్చిన ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి చూసి పోయారు. అందరి తర్వాత నేను పోయాను. తెల్లటి గౌను మీద చేతులు రెండూ కలిపి పెట్టి ఉంచారు. బొటనవేలి గోటి అంచున సన్నటి గీతలా ఆ ఊదారంగు ఇంకా ఉంది. చేతిరుమాలు తీసి దాని మీద కప్పాను.